శ్రీముఖలింగం అనుకున్నాం, గెడ్డలో దిగాం

అప్ప: ఎర్ర లైటు వెలిగిందిరా. ఆన్ అయినట్టేనా?

తమ్ముడు: అయింది. ఫ్యాన్ ఆపు అప్పా. పోయిన ఎపిసోడ్ విని అందరూ హెలికాప్టర్ చప్పుడన్నారు.

అప్ప: నేను ఉక్కతో చస్తే ఇకమీదట నువ్వొక్కడివే చెప్పుకోవాలి. సరే, నమస్కారమండీ. ఈవేళ మన శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం. వీడు నాలుగు వారాల్నించి పచ్చ పుస్తకంలో రాస్తున్నాడు.

తమ్ముడు: పచ్చ పుస్తకం మాట ఎత్తనన్నావు కదా. మధుకేశ్వరుడి గుడి తూర్పు గాంగుల కాలంది. శిఖరం చూస్తే భువనేశ్వర్ గుడులతో చుట్టరికం తెలిసిపోతుంది. గోడల మీద శాసనాలు మాత్రం సంస్కృతం, తెలుగు. అంటే కట్టడం కళింగానిది, రాత మనది.

అప్ప: మనది కళింగం కాదేటి?

తమ్ముడు: అదే చెప్పబోతున్నా. ఊరు వంశధార ఒడ్డున ఉంది. ఆ దగ్గర్లోనే పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి గారు పుట్టారు. కొండల మీంచి దిగే గెడ్డలు...

అప్ప: ఆగాగు. పుస్తకంలో "వాగులు" అని రాశావు, చూశాను. చదివేటప్పుడు నోటికి గెడ్డ వచ్చేసింది.

తమ్ముడు: హైదరాబాద్ వాళ్లూ వింటారు కదా. అర్థం కావాలని రాశా.

అప్ప: అర్థం కాకపోతే అడుగుతారు. బళ్లో పిల్లలకి వాళ్ల నోటి మాటే రాయాలని గిడుగు గారు జీవితమంతా పోట్లాడారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం అచ్చువేయించారు. ఆయన గురించి మాట్లాడుతూ గెడ్డని వాగు చేస్తావా?

తమ్ముడు: రెండూ ఒకటే కదా. నీళ్లు పారేదే.

అప్ప: ఒకటెలా అవుతాయి? మన గెడ్డ కొండ మీద వాన పడ్డ గంటకి మోకాల్లోతు వస్తుంది, మర్నాటికి ఇసక. ఎండాకాలం మనం కొబ్బరిచిప్పతో చెలమ తవ్వేవాళ్లం. ముందు బురదనీళ్లు ఊరేవి. అవి తోడి పారబోస్తే చల్లటి తేట నీళ్లు. నువ్వు ఆ బురదనీళ్లే తాగేసి...

తమ్ముడు: ఆ కథ ఎపిసోడ్ ఏడులో అయిపోయింది.

అప్ప: సరే. మన దగ్గర రిజర్వాయర్లకి కూడా వట్టిగెడ్డ, పెద్దగెడ్డ అనే పేర్లు. పెద్దవాగు అనలేదు ఎవరూ.

తమ్ముడు: వట్టిగెడ్డలో నీళ్లు నిలబెట్టి కూడా "వట్టి" అంటున్నారు చూడు.

అప్ప: నవ్వకు. ఇదే మాట మన చినమావయ్యని ముంచింది.

తమ్ముడు: చెప్పేద్దామా? ఆయన వింటాడేమో.

అప్ప: వింటే విననీ. చెన్నైలో ఉండి ఫోన్ మీదే సైటు కొన్నాడు. బ్రోకరు ఇక్కడివాడు కాదు. ఊళ్లోవాళ్లు "గెడ్డ పక్క సైటు" అంటే అతని చెవికి "గడ్డ" అని పడింది. కాగితంలోనూ గడ్డే రాశాడు.

తమ్ముడు: అటువైపు గడ్డ అంటే మెరక కదా. ఒడ్డు.

అప్ప: మావయ్యా అలాగే చదువుకున్నాడు, మెరక మీద ఇల్లని. గడ్డన పడదామనుకుని గెడ్డలో పడ్డాడు పాపం. పునాది తీస్తుంటే మేకలు కాసే ముసలాయన నిలబడి, "బావూ, ఇది గెడ్డ దారి" అన్నాడట. మేస్త్రీ నవ్వాడట.

తమ్ముడు: ...రెండో వానకి వంటింట్లోకి వచ్చింది.

అప్ప: గ్యాసు సిలిండరు తేలింది. అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఏడవలేదు, తిట్టలేదు. చేటతో నీళ్లు తోడుతోంది. చేటతో! అందులో నీళ్లేం నిలుస్తాయి?

తమ్ముడు: (కాసేపు ఆగి) గుడి దగ్గరికి వెళ్దామా మళ్లీ?

అప్ప: వెళ్దాం. అరుగు గురించి ఒక్క మాట చెప్పి.

తమ్ముడు: వచ్చేసింది అరుగు! విన్నవాళ్లు లెక్క రాసుకోండి.

అప్ప: రాసుకోండి. మన వీధి చివరిదాకా ఇంటికీ ఇంటికీ ఒకే గోడ, ఒకే వరస చూరు. వీధరుగు నా నడుమెత్తు ఉండేది. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసి వేసి, ఇప్పుడు అరుగు దిగి ఇంట్లోకి వెళ్తున్నాం.

తమ్ముడు: దానికన్నా ఉద్దానంలో అమ్మమ్మ చుట్టిల్లు నయం. గుండ్రటి మట్టిగోడ, మీద తాటాకు, చూరు నా మొలదాకా దిగి ఉండేది. గాలికి పట్టు దొరకదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి పక్కింటి రేకులు జీడితోటలో తేలాయి. దీనికి పై ఆకు లేచిపోయింది, గోడ కదల్లేదు.

అప్ప: ఆ ఇంట్లో పొగ మింగింది నువ్వా? అమ్మమ్మ కళ్లు రెండూ పొయ్యికే పోయాయి. మగాళ్లు వంగి లోపలికొచ్చి, అన్నం తిని, చూరు ఎంత బాగుందో అంటారు.

తమ్ముడు: నేను అలా అనలేదు.

అప్ప: అన్నావు. పచ్చ పుస్తకంలో "వినయం నేర్పే చూరు" అని ఉంది.

తమ్ముడు: నా పుస్తకం ఇకమీద నువ్వు ముట్టుకోకు.

అప్ప: సర్లే, అలగకు. కొత్తవలస, ఆమదాలవలస, జియ్యమ్మవలస... ఇన్ని వలసల గురించి ఏదో చెప్తానన్నావు.

తమ్ముడు: ఎక్కడెక్కడినుంచో వచ్చి దిగినవాళ్లు ఆ సంగతే ఊరి పేరులో పెట్టుకున్నారని. మనవాళ్లు ఇప్పుడూ చెన్నైకో సూరత్‌కో పోతూనే... అప్పా, నీ ఫోను మోగుతోంది.

అప్ప: చినమావయ్య.

తమ్ముడు: వింటున్నాడన్నానా! ఎత్తకు.

అప్ప: ఎత్తాలిరా, అక్కడ పొద్దున్నించీ వాన. ఆఁ మావయ్యా... లేదు లేదు, నీ గురించేం కాదు... ఏటీ? ఎంతదాకా వచ్చింది? గడప దాటిందా? ఒరే, అది ఆపు, ఆపు...