దూలగొండి గింజ రోజువారీ మందు అవుతుందా?

అందరికీ నమస్కారం. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లూ, వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లూ ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం.

పల్లెలో పెరిగినవాళ్లకు దూలగొండి గురించి నేను చెప్పక్కర్లేదు. కాయ మీది నూగు ఒకసారి ఒంటికి తగిలితే ఆ దురద జన్మలో మర్చిపోరు. అయితే లోపలి గింజలో లెవోడోపా ఉంటుంది, మీ మాత్రలో ఉన్న మందే. 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి దాన్ని గింజల నుంచి వేరుచేశారు. పార్కిన్సన్స్‌కు అది పనికొస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1961లో గానీ వియన్నాలో రోగులకు ఇచ్చి చూడలేదు.

మొన్న ఓపీలో ఒకావిడ సంచిలోంచి పొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. "గింజలోనూ అదే ఉన్నప్పుడు ఈయనకు మాత్రలెందుకు డాక్టరు గారూ?" అన్నారు. పక్కనే ఆయన, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నారు. చాలా న్యాయమైన ప్రశ్న. నెలనెలా మాత్రలు కొనడం ఎంత భారమో నాకు తెలుసు.

సరిగ్గా ఇదే ప్రశ్నతో రొబెర్టో సిలియా అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు బొలీవియాలో పరీక్షలు చేశారు. ముందు 18 మందికి, వేయించి దంచిన గింజల పొడి ఒక్కో డోసు ఇచ్చి చూశారు. మాత్రకు ఏమాత్రం తీసిపోలేదు. 2017లో ఆ ఫలితం చదివి నాకూ ఆశ పుట్టింది.

కానీ ఒక్క పూట పనిచేయడం వేరు, రోజూ వాడగలగడం వేరు. అందుకని తర్వాత 14 మందికి ఎనిమిది వారాలు పొడి, ఎనిమిది వారాలు మాత్రలు ఇచ్చారు. పొడిని ఏడుగురు మధ్యలోనే మానేశారు. నలుగురికి కడుపు తట్టుకోలేదు, ముగ్గురికి కదలికలు రానురాను కష్టమయ్యాయి. మాత్రలు మాత్రం ఒక్కరూ మానలేదు. పొడి తట్టుకున్న మిగతా ఏడుగురికి అది మాత్రతో సమానంగానే పనిచేసింది. ఈ మాట కూడా చెప్పకపోతే అన్యాయం.

కడుపు ఎందుకు తిప్పుతుందంటే, మాత్రలో లెవోడోపాకు తోడు కార్బిడోపా ఉంటుంది. మందు మెదడుకు చేరకముందే ఒంట్లో ఖర్చయిపోకుండా అది కాపలా కాస్తుంది. గింజలో ఆ కాపలా లేదు. కాబట్టి లెవోడోపా నాలుగైదు రెట్లు పడుతుంది. గింజలో నూటికి ఐదు పాళ్లు ఉందనుకుంటే, ఒక గ్రాము లెవోడోపా కోసం ఇరవై గ్రాముల పొడి మింగాలి. మంచినీళ్లకే పొలమారే మనిషి అంత పొడి ఎలా మింగుతాడు?

ఆవిడతో ఒకటే చెప్పాను. మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. మాకు చెప్పకుండా రెండూ కలిపి వాడితే డోసు ఎక్కువై, కాళ్లూ చేతులూ వాటంతటవే మెలికలు తిరగొచ్చు. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే దాచకండి, తిడతామని భయపడకండి, ఓపీకి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మాట మెల్లగా వచ్చేవాళ్లకు ముందు మైకు ఇద్దాం.