జీపు యాంటెన్నా పడవ ఎక్కితే మిగతా సగం ఎక్కడ?

[దృశ్యం: కాకినాడ, ఉప్పుటేరు ఒడ్డు. వరసగా కట్టేసిన ఫైబర్ బోట్లు. చేతిలో అర మీటరు స్టీలు చువ్వ.]

నమస్కారం. ఇది ఒక పాత జీపు మీద నుంచి విప్పిన యాంటెన్నా. హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్లు వాడే 145 మెగాహెర్ట్జ్ కోసం చేసింది. జీపు మీద ఉన్నంతకాలం ఏ లోటూ లేకుండా పనిచేసింది. ఈ బోటు మీద బిగించగానే మూగబోయింది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో వేట నిషేధం. ఇంజను పనులు, రంగులు, వలల బాగు, అన్నీ ఆ రెండు నెలల్లోనే చేసుకుంటారు. ఈ బోటు బాబాయ్ ఫోన్ చేసి, "రేడియో సెట్టు బాగానే ఉందిరా, యాంటెన్నా విరిగింది. నీ దగ్గర పాతదేమన్నా ఉంటే పట్టుకురా" అన్నాడు. పట్టుకెళ్లి వీల్‌హౌస్, అంటే బోటు నడిపే గది పైన బిగించి మీటరు పెడితే, ఎస్‌డబ్ల్యూఆర్ 4 చూపించింది.

[తెర మీద: ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతుంటే ఎంత పవర్ వెనక్కి: 1.5 = 4 శాతం, 2 = 11 శాతం, 3 = 25 శాతం, 4 = 36 శాతం]

సెట్టు పంపిన పవర్ అంతా గాలిలోకి వెళ్లకుండా యాంటెన్నా దగ్గర నుంచి కొంత వెనక్కి వస్తుంది. అది ఎంతో ఈ అంకె చెబుతుంది. 1.5 లోపల ఉంటే హాయి. 4 అంటే మూడో వంతుకు పైగా తిరిగొచ్చి సెట్టు మీదే పడుతోంది.

మొదట పొడవు తేడా అనుకున్నాను. సముద్రం మీద అందరూ వినే 16వ ఛానల్ 156.8 మెగాహెర్ట్జ్. దాని తరంగం పొడవు 191 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 48. లోహపు చువ్వలో ఓ ఐదు శాతం తగ్గించుకుంటే 45 చిల్లర. నా జీపు చువ్వ 49. నాలుగు సెంటీమీటర్లు కోశాను. మీటరు కాస్త దిగింది, అంతే. అప్పుడు బోటు పైకప్పు మీద తట్టి చూశాను. ఫైబర్! అసలు సంగతి అక్కడుంది.

[దృశ్యం: కాగితం మీద జీపు బొమ్మ. పైకప్పు మధ్యలో చువ్వ, దాని కింద అద్దంలోలా మరో చువ్వ నీడ.]

ఈ చువ్వ సగం యాంటెన్నా మాత్రమే. చువ్వలోకి కరెంటు ఎక్కినప్పుడల్లా అంతే కరెంటు మరో లోహంలోకి పారాలి. జీపు మీద ఆ రెండో సగం పని రేకు పైకప్పు చేసింది. అది జీపులో భాగం అనుకుంటాం గానీ, నిజానికి యాంటెన్నాలో భాగం కూడా. జీపు నుంచి చువ్వను విప్పినప్పుడు సగం యాంటెన్నాను అక్కడే వదిలేసి వచ్చాను. స్టీలు ట్రాలర్ అయితే దాని పైకప్పే ఆ బాకీ తీర్చేది. ఫైబర్, కర్ర తీర్చలేవు.

"కింద ఇంత ఉప్పునీరు ఉంది కదా, చాలదా?" అని బాబాయ్ అడిగాడు. మంచి ప్రశ్న. పెద్ద ఓడల్లో తక్కువ ఫ్రీక్వెన్సీ సెట్లకు సముద్రం నిజంగానే అలా పనికొస్తుంది. మన సెట్టు వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, వీహెచ్ఎఫ్‌లో మాత్రం ఆ రెండో సగం చువ్వ మొదట్లోనే ఉండాలి, నాలుగు మీటర్ల కింద కాదు. అది దొరక్కపోతే కరెంటు కేబుల్ పైపొర మీద పడి కిందికి దిగుతుంది. బాబాయ్ మైకు నొక్కినప్పుడల్లా నీటి లోతు చూపే ఎకో సౌండర్ తెర మీద గీతలు రావడానికి కారణం ఇదే.

[దృశ్యం: వర్క్‌షాపు బల్ల. ఇత్తడి గొట్టం, కేబుల్, ప్లాస్టిక్ పైపు.]

మామూలు మార్గం, చువ్వ మొదట్లో నాలుగు చువ్వలు కిందికి ఏటవాలుగా, 45 డిగ్రీల్లో పెట్టడం. లెక్క ప్రకారం అది సెట్టుకూ కేబుల్‌కూ కావాల్సిన 50 ఓమ్స్‌కు దగ్గరగా చక్కగా కుదురుతుంది. కానీ వలలు లాగే బోటు మీద నాలుగు ముళ్లా? ఒక్క రోజులో వల తగులుకుంటుంది, లేదా ఎవరి కంట్లోనో గుచ్చుకుంటుంది. అందుకే రెండో సగాన్ని గొట్టంగా చేశాను.

కేబుల్‌ను ఇత్తడి గొట్టం లోపలి నుంచి పైకి తెచ్చాను. నడిమి తీగను చువ్వకు, పైన అల్లిక తీగను గొట్టం పై అంచుకు టంకం పెట్టాను. చువ్వ పైకి, గొట్టం కిందికి. రెండు సగాలూ ఒకే నిలువు గీతలో వచ్చాయి. గొట్టం కింది అంచు మాత్రం దేనికీ తగలకూడదు. దాని కింద కేబుల్‌నే నాలుగైదు చుట్లు చుట్టి కట్టేశాను, మిగిలిన కరెంటు కేబుల్ మీదుగా కిందికి జారకుండా. మొత్తాన్ని ఒక ప్లాస్టిక్ పైపులో దించాను.

కోసేటప్పుడు తొందర వద్దు. 48తో మొదలుపెట్టి, రెండు వైపులా కొంచెం కొంచెం తగ్గించండి. రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు తగ్గితేనే ఫ్రీక్వెన్సీ మూడు మెగాహెర్ట్జ్‌కు పైగా జరుగుతుంది. కొలిచే ప్రతిసారీ పైపులో పెట్టే కొలవండి, ప్లాస్టిక్ వల్ల ఫ్రీక్వెన్సీ కాస్త కిందికి జారుతుంది. నేను నానోవీఎన్‌ఏ అనే చిన్న కొలత పరికరంతో కొలిచాను. మామూలు మీటరు అయితే వీహెచ్ఎఫ్‌కు పనికొచ్చేదై ఉండాలి. పరీక్ష కోసం 16 మీద మైకు నొక్కకండి. అది ఆపదలో ఉన్నవాళ్ల ఛానల్. 72 లాంటి బోటుకు బోటుకు మాట్లాడుకునే ఛానల్‌లో, ముందు కాసేపు విని, ఒక వాట్ మీద చూడండి.

చివరికి 1.3 వచ్చింది.

[దృశ్యం: దగ్గరగా, కోసిన పాత కేబుల్. నల్లబడిన అల్లిక తీగ.]

ఇది ఆ బోటు పాత కేబుల్. చూడండి, కొస నుంచి రెండు అడుగుల దాకా నలుపు. అల్లిక తీగ దీపం వత్తిలా ఉప్పునీటిని పీల్చుకుంటుంది. యాంటెన్నా పాతదైనా ఫరవాలేదు గానీ, కేబుల్ మాత్రం కొత్తదే వేయండి, అదీ తగరం పూత ఉన్న రాగిది. సన్నటి ఆర్‌జీ-58 పది మీటర్లు వాడితే 25 వాట్లలో 16 దాకానే పైకి చేరతాయి. లావుగా ఉండే ఆర్‌జీ-213 అయితే 20.

కనెక్టర్ మీద సాగదీసి చుడితే తనలో తనే అతుక్కునే రబ్బరు టేపు, దాని మీద ఎండకు తట్టుకునే మామూలు టేపు వేయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం పూయకండి. ఆ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది, రాగిని తింటుంది. నేను ఒకప్పుడు అలా పూసి, ఆరు నెలల తర్వాత విప్పితే లోపలంతా ఆకుపచ్చగా ఉంది. కేబుల్ లోపలికి వెళ్లే చోట ఒక మెలిక కిందికి వేలాడేలా వదలండి, నీళ్లు అక్కడే బొట్లుగా రాలిపోతాయి.

ఇక ఎత్తు. వీహెచ్ఎఫ్ చూపు మేరకే వెళ్తుంది. రెండు బోట్ల యాంటెన్నాలూ నాలుగేసి మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 16 కిలోమీటర్లు. తొమ్మిదేసి మీటర్లు అయితే 24 దాటుతుంది. పవర్ పెంచడం కన్నా యాంటెన్నా నిలబెట్టే కొయ్య ఎత్తు పెంచడం మేలు.

ఒక్క మాట కచ్చితంగా చెప్పాలి. మార్చుకునేది యాంటెన్నాను మాత్రమే. హ్యామ్ సెట్టును తెరిచి మెరైన్ ఛానళ్ల మీదికి లాగడం చట్టవిరుద్ధం. బాబాయ్‌ది లైసెన్సు ఉన్న మెరైన్ సెట్టు. వీలు చూసుకుని కొత్త మెరైన్ యాంటెన్నా కొని, దీన్ని విడి యాంటెన్నాగా దాచుకోమన్నాను. ఒడ్డున ఉన్న ఇంటివాళ్లకు కోస్ట్ గార్డ్ నంబరు 1554 రాసిచ్చాను.

[దృశ్యం: జూన్ 15, తెల్లవారుజాము. బోట్లు బయలుదేరుతున్నాయి. ఒడ్డున ఆగిన పక్క బోటు వీల్‌హౌస్ లోపల.]

బాబాయ్ బోటు హోప్ ఐలాండ్ దాటింది. పక్క బోటు సరంగు సెట్టు దగ్గర కూర్చున్నాడు. 16 మీద పిలుపు వచ్చింది, ఇద్దరూ 72కి మారారు.

"వినపడుతోందేంటి?"

"పక్కన కూచుని మాట్లాడినట్టుంది. చేపలేమన్నా కనిపించాయా?"