కారం మండుతోందంటే నోరు చూపించండి

మిర్చి యార్డు హమాలీ అన్నదమ్ములకు, తొడిమలు తీసే అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

గుంటూరులో పుట్టినవాడు వచ్చి "డాక్టరుగారూ, ఈమధ్య పచ్చడి నోట పెట్టలేకపోతున్నానండీ, ఒకటే మంట" అన్నాడంటే నాకు ముందు అనుమానం జేబులో పొట్లం మీదే. వక్క, గుట్కా నమిలేవాళ్ళకి బుగ్గ లోపల పీచులా పేరుకుని గట్టిపడుతుంది. మొదట మంట, ఆ తర్వాత నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్ళు కలిపి నిలువుగా పెట్టి చూసుకోండి, పట్టాలి. పట్టకపోతే క్యాన్సర్ వచ్చేసిందని కాదు, కొందరిలో ముందుముందు వస్తుంది. పొగాకు కలవని వట్టి వక్కేగా అనకండి, అదీ క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004 నివేదికలోనే రాసింది.

పుండుగానీ, తెల్ల మచ్చగానీ, ఎర్ర మచ్చగానీ మూడు వారాల్లో మానలేదా, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి. ఇక్కడే చాలామంది లేచి వెళ్ళిపోతారు. "కత్తి తగిలితే పాకుతుందటగా!" పాకేది బయాప్సీ వల్ల కాదు, ఆ భయంతో పసర్లు రాసుకుంటూ గడిపే నెలల్లో. మత్తు సూది వేసి కందిగింజంత ముక్క తీస్తాం, అంతే.

ముక్కలో క్యాన్సరని తేలితే, ఆపరేషన్లో పుండు చుట్టూ ఇంచుమించు సెంటీమీటరు మంచి కండతో సహా తీసేస్తాం. "పుండు నాలుక మీదుంటే మెడ ఎందుకు కోస్తారు?" అని ఇంటివాళ్ళు అడుగుతారు. అడగాల్సిందే. జబ్బు నోరు దాటితే ముందు చేరేది మెడ బిళ్ళల్లోకి (లింఫ్ గ్రంథుల్లోకి), అదీ మన చేతికి తగలకముందే. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు తొలిదశ నోటి క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. మెడ బిళ్ళలు మొదటే తీయించుకున్నవాళ్ళలో మూడేళ్ళకి 80 శాతం బతికున్నారు. మెడలో తిరగబెట్టాక చూద్దామని ఆగినవాళ్ళలో 67.5 శాతమే.

దవడ ఎముక తీయాల్సివస్తే కాలి సన్న ఎముకని రక్తనాళాలతో సహా తెచ్చి అమరుస్తాం. నడకకి ఢోకా లేదు, బరువు మోసేది పక్కనున్న పెద్ద ఎముక. బస్తాల సంగతి మాత్రం తర్వాత మాట్లాడుకుందాం.

కుట్లు మానగానే ఊరెళ్ళి కనబడనివాళ్ళ మీదే నాకు కోపం. కరెంటు (రేడియేషన్) అవసరమని చెబితే, ఆపరేషనైన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి.

సరే, టార్చి తెచ్చాను. ఖైనీ ఉమ్మేసి, కొళాయి దగ్గర పుక్కిలించి వరసగా రండి. కట్టుడుపళ్ళున్నవాళ్ళు తీసి చేత్తో పట్టుకోండి.