తూకం దగ్గరే ఆగిపోకండి

(పశుగ్రాసాలపై పీహెచ్‌డీ మొదలుపెడుతున్న విద్యార్థులతో ప్రసంగం)

అందరికీ నమస్కారం. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) టెన్షన్‌లో ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను. పశుగ్రాసాలు, నీటి ఎద్దడి మీద మనవాళ్ల థీసిస్‌లు చాలావరకు ఒకే తీరున ముగుస్తాయి. మడిలో గడ్డి కోశారు, తూచారు, దిగుబడి ఇంత తగ్గిందని రాశారు. ఆ గడ్డి తినాల్సిన పశువు మాత్రం పుస్తకం మొత్తం వెతికినా కనిపించదు.

ఎద్దడి పైరు బరువుతో పాటు లోపలి సరుకునూ మారుస్తుంది. జొన్ననే తీసుకోండి. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు ఆకు కణాలు చితికి, ధురిన్ ఎంజైములతో కలిసి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. రైతులు నాము అనేది దీన్నే. బెట్టకు వడలిన లేత పైరులో, కోసిన మోళ్ల నుంచి లేచే పిలకల్లో ఇది మరీ ఎక్కువ. నాలుగు చినుకులు పడగానే పచ్చగా వచ్చిన పిలకల మీద ఆకలిగొన్న గొడ్డు ఎగబడుతుంది. కాసేపటికే ఆయాసం, చొంగ, తూలుడు, ఆపైన పడిపోవడం. రక్తం మామూలు కంటే ఎర్రగా ఉంటుంది. అందులో ఆక్సిజన్ ఉన్నా కణాలు వాడుకోలేవు మరి. డాక్టరు వచ్చి విరుగుడుగా సోడియం నైట్రైట్, హైపో (సోడియం థయోసల్ఫేట్) ఎక్కించేలోపే చాలాసార్లు ప్రాణం పోతుంది. నత్రజని ఎక్కువ వేసిన చేలో ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పూతకొచ్చాక కోసి, బాగా ఎండబెట్టి వేస్తే సయనైడ్ చాలావరకు తగ్గుతుంది. ఎద్దడి పైరులో పేరుకునే మరో విషం, నైట్రేట్ మాత్రం ఎండబెట్టినా పోదు. ఈ రెండు విషాలనూ ఒకే గాటన కట్టే పాఠాలు వినీ వినీ విసుగొచ్చింది నాకు.

అలాగని ఎద్దడి చేసేదంతా చెడే అనుకోవద్దు. ఓ మోస్తరు ఎద్దడిలో కాండం ఎదుగుదల నెమ్మదించి, ఆకు వాటా పెరిగి, మేత జీర్ణమయ్యే గుణం మెరుగుపడొచ్చు. ఎద్దడి ముదిరితే ఆకు రాలిపోయి దంట్లే మిగులుతాయి. తూకం ఒకటే చూస్తే ఈ తేడా ఎలా తెలుస్తుంది?

వ్యాపారులకు తెలుసు. హైదరాబాద్ మేత మార్కెట్లో అమ్మే జొన్న చొప్పపై 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, నాసిరకం చొప్ప 47 శాతం జీర్ణమైతే మేలురకం 52 శాతం జీర్ణమైంది. ఆ ఐదు శాతానికే ధరలో దాదాపు నాలుగో వంతు తేడా! ల్యాబ్ రిపోర్టు చూసి కొన్నవాళ్లు ఎవరూ లేరు.

అనంతపురం రైతు కూడా వేరుశనగలో కాయతో పాటు కట్టెనూ, అంటే కాయ తీశాక మిగిలే ఎండు మొక్కనూ చూస్తాడు. వానలు మొహం చాటేసిన ఏడు కాయ చేతికి రాకపోయినా, ఇంట్లో గొడ్లను నిలబెట్టేది ఆ కట్టే. 1940లో విడుదలైన టీఎంవీ 2 అనే వేరుశనగ వంగడాన్ని దశాబ్దాల పాటు వదలని నేలలోకి ఐసీజీవీ 91114 అనే కొత్త వంగడం వచ్చినప్పుడు, దాని కట్టెను పాడి పశువులకు మేపి పాల దిగుబడి కూడా చూశారు. వంగడం మంచిచెడ్డలు తేల్చే పద్ధతి అది.

మీ గైడ్ ఒప్పుకోకపోవచ్చు. పశువులతో ట్రయల్ అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, మనుషులు కావాలి, రోజూ పేడ ఎత్తి తూచాలి. మొత్తం చేయలేకపోతే కనీసం వేసినదెంత, గాడిలో మిగిల్చినదెంత అని వేర్వేరుగా తూచండి. మిగిలినదాంట్లో ఆకెంత, దంటెంత అని విడదీయండి. దీనికి ఓ కాటా, ఓపిక చాలు. మీ వైవాలో నేను ముందుగా అడిగేది ఆ టేబులే.