కొన్నవారికి ఆలస్యంగా తెలిసేది, అమ్మినవారికి ముందే తెలిసినది

నమస్కారం. సొంత ఇల్లు కొనుక్కుని పాలు పొంగించిన కుటుంబాలు మొదటి వానాకాలంలోనో, మొదటి వేసవిలోనో ఎదుర్కొనే ఇబ్బందుల గురించి ఈ వీడియోలో మాట్లాడుకుందాం. ఎక్కువ ఉదాహరణలు హైదరాబాదు నుంచే ఇస్తాను. ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు చుట్టాలందరూ చెప్పే మాట ఒకటే: మీ గ్రహచారం, ఏం చేస్తాం అని. నేను ఆ మాటను ఒప్పుకోను. ఒక్కొక్క సమస్యనూ విడిగా తీసి చూస్తే, ఆ సంగతి ఎవరో ఒకరికి ముందే తెలిసి ఉంటుంది. అమ్మినవారికో, కట్టినవారికో, అనుమతి ఇచ్చిన కార్యాలయానికో, కనీసం పక్కింటివారికో తెలిసి ఉంటుంది. జీవితకాలపు పొదుపు ఖర్చుపెట్టి, ఇరవయ్యేళ్ల వాయిదాలకు సంతకం చేసిన మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ నీటి వల్ల తగులుతుంది కాబట్టి ముందుగా దాని గురించి చెబుతాను. హైదరాబాదు చుట్టుపక్కల చెరువులు చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండితే అలుగు పారి, ఆ నీరు నాలా గుండా కింది చెరువుకు చేరుతుంది. చెరువు నిండినప్పుడు మునిగే శిఖం భూమిలో నీళ్లు ఏడాది పొడుగునా ఉండవు. మాఘమాసంలో వెళ్లి చూస్తే అది మామూలు మైదానంలాగే కనిపిస్తుంది, పిల్లలు క్రికెట్ ఆడుకుంటూ ఉంటారు. ఇల్లు చూడటానికి మనం వెళ్లేది కూడా ఎక్కువగా ఆ ఎండిన నెలల్లోనే. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలలోకి నీరు దూసుకు వచ్చింది. అదే నెలలో సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలు నీట మునిగాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజున విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయింది. అక్కడ పాతికేళ్లుగా ఉన్నవారికి బుడమేరు దారి ఏమిటో బాగా తెలుసు. కొత్తగా ఇల్లు కొన్నవారికి ఆ దారిని ఇంటి మొదటి అంతస్తు మెట్ల మీద నిలబడి చూడవలసి వచ్చింది.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఆ హద్దును ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్ అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం, 10 హెక్టార్లు లేదా అంతకంటే పెద్ద చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఈ నియమం కాగితం మీద ఉండగానే ఎన్నో చోట్ల ఆ హద్దుల లోపల ప్లాట్లు పడ్డాయి, రిజిస్ట్రేషన్లు జరిగాయి, ఇంటి నంబర్లు వచ్చాయి, కరెంటు మీటర్లు బిగించారు, ఏటా ఆస్తి పన్ను కూడా కట్టించుకున్నారు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు, అన్ని అనుమతులూ ఉన్నాయంటూ కాగితాలు చేతపట్టుకుని నిలబడిన కుటుంబాలను మనం టీవీలలో చూశాం. చెరువును కాపాడాలి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఆ హద్దు లోపల ఇంటికి అనుమతి ఇచ్చిన అధికారీ, ప్లాటు చేసి అమ్మిన వ్యాపారీ ఇంటి యజమాని కంటే ముందు జవాబు చెప్పాలి. రిజిస్ట్రేషన్ అంటే ప్రభుత్వం హక్కుకు హామీ ఇచ్చినట్టు అని మన వాళ్లలో చాలామంది నమ్ముతారు. మన దేశంలో రిజిస్ట్రేషన్ ఆ లావాదేవీ జరిగిందని నమోదు చేస్తుంది, అంతే. అమ్మినవారికి ఆ భూమి మీద హక్కు ఉందని గానీ, అక్కడ ఇల్లు కట్టవచ్చని గానీ అది చెప్పదు. అందుకే సర్వే నంబరు పట్టుకుని గ్రామ పటంలో చెరువు, నాలా ఎక్కడ ఉన్నాయో చూడండి. హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ పటాలు ఉన్నాయి, వాటితో సరిపోల్చండి.

పాత ఇండిపెండెంట్ ఇళ్లలో ఇదే నీరు మరో రూపంలో వస్తుంది. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే మళ్లీ మళ్లీ సీసీ రోడ్డు వేయడం వల్ల వీధి ఎత్తు పెరుగుతూ పోతుంది, ఇంటి పునాది మాత్రం కట్టినప్పటి మట్టంలోనే ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట వీధి కంటే రెండడుగుల ఎత్తున కట్టిన ఇల్లు నేడు వీధి కంటే లోతున ఉండవచ్చు. వాన పడితే వీధి నీరంతా వరండాలోకి వస్తుంది, డ్రైనేజీ కూడా బాత్‌రూమ్ జాలీలో నుంచి వెనక్కి తన్నుతుంది. గేటు దగ్గర కొత్తగా కట్టిన గట్టు, చుట్టూ రెండు వరసల ఇటుకలు పేర్చి పైకి లేపిన సంపు మూత, ఒక మూలన సిద్ధంగా ఉంచిన నీళ్లు తోడే మోటారు కనబడితే, ఆ ఇంటివారు ప్రతి వానాకాలం ఏం అనుభవిస్తున్నారో మీకు అర్థమైపోవాలి. ఇల్లంతా బాగు చేయించడానికి పునాది ఎత్తు పెంచాలంటే ఖర్చు సామాన్యమైనది కాదు.

అపార్ట్‌మెంట్లలో నెమ్ము గొడవ వేరు. పై అంతస్తు బాత్‌రూమ్ కింద పల్లంగా వదిలే స్లాబులో వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయకపోతే, ఆ నీరు మెల్లగా దిగి మీ పడకగది గోడ మీద ఉప్పులా పూస్తుంది. దాన్ని మీ ఫ్లాటులో నిలబడి ఎవరూ బాగు చేయలేరు. పైవారి టైల్స్ పగలగొట్టాలి, అందుకు పైవారు ఒప్పుకోవాలి. నెలల తరబడి నడిచిన ఈ తగవును తెంచుకోవడానికే కొందరు ఫ్లాటు అమ్మేస్తారు. అమ్మే ముందు పుట్టీ పెట్టి రంగు వేయిస్తారు, లేదా ఫాల్స్ సీలింగ్ బిగిస్తారు. ఒక్క గోడకే కొత్త రంగు ఉన్న ఇంటిని నేనైతే అనుమానంగానే చూస్తాను. అటకల లోపలా, కప్‌బోర్డుల వెనకా చేయి పెట్టి తడి చూడటానికి మొహమాటపడవద్దు. లక్షలు పెడుతున్నది మీరు.

ఇక వేసవి. మంచినీటి లైను లేని అపార్ట్‌మెంటులో బోరు ఎండితే ట్యాంకర్లే గతి, ఆ ఖర్చంతా మెయింటెనెన్సులో కలుస్తుంది. గత ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు అసోసియేషన్ దగ్గర ఉంటాయి, అడిగి చూడండి.

కాగితాలలో దాగే విషయాలలో నన్ను ఎక్కువగా బాధించేది తనఖా ఫ్లాట్ల వ్యవహారం. చిన్న ఇళ్లను మినహాయిస్తే, ప్లానుకు విరుద్ధంగా కట్టనని హామీగా బిల్డరు మొత్తం నిర్మాణంలో 10 శాతం వైశాల్యాన్ని మున్సిపల్ సంస్థకు తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ తనఖా విడిపిస్తారు. తనఖాలో ఉన్న ఫ్లాటునే తక్కువ ధర పేరుతో అమాయకులకు ఒప్పందం రాసిచ్చే బిల్డర్లు ఉన్నారు. అనుమతి లేని పై అంతస్తు ఒకటి వేస్తే ఓసీ రాదు, ఓసీ రాకపోతే తనఖా విడవదు, డబ్బు కట్టిన మనిషి ఇంట్లో చేరి కూడా యజమాని కాలేడు. ఈ తప్పులో కొన్నవారి పాత్ర ఏమీ లేదు.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ తీశాం, శుభ్రంగా ఉంది అనేవారికి ఒక హెచ్చరిక. ఈసీలో కనబడేది రిజిస్టర్ అయిన లావాదేవీలు మాత్రమే. ఆ ఆస్తి మీద నడుస్తున్న కోర్టు కేసు, రిజిస్టర్ కాని ఒప్పందం, పేరుకుపోయిన ఆస్తి పన్ను, నీటి బిల్లు అందులో కనబడవు. పైగా ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందరి హక్కులకు లింకు దస్తావేజులు, అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు చూడాల్సిందే.

ఇప్పుడు చట్టం సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. ఆస్తిలో గానీ, హక్కులో గానీ తనకు తెలిసిన ముఖ్యమైన లోపం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిది ఉంటే, దాన్ని అమ్మేవారు వెల్లడించి తీరాలని అది చెబుతుంది. అమ్మిన తేదీ వరకు పేరుకున్న పన్నులు కూడా, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మినవారివే. నూట నలభై ఏళ్లు దాటిన ఈ నియమాన్ని ఇల్లు కొనేటప్పుడు మన ఊళ్లలో గుర్తు చేసేవారే లేరు. దస్తావేజు రాసేవారు పాత నమూనాలో పేర్లు మార్చి ఇచ్చేస్తారు. ఆ అలవాటు మారాలి. వాన నీరు ఇంట్లోకి వచ్చిందా, పైనుంచి లీకేజీ ఉందా, బోరు ఎన్నిసార్లు ఎండింది, కోర్టులో కేసు ఉందా అన్న నాలుగు ప్రశ్నలకు అమ్మకపు ఒప్పందంలోనే జవాబులు రాయించుకోండి. రాయడానికి వెనకాడితే, మీకు జవాబు దొరికినట్టే. రాసిచ్చింది అబద్ధమని తరువాత తేలితే, సివిల్ కోర్టులో ఆ కాగితమే మీకు పెద్ద ఆధారం అవుతుంది.

బిల్డరు దగ్గర నేరుగా కొన్నవారికి 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం మరికొంత బలం ఇచ్చింది. ఇల్లు అప్పగించిన నాటి నుంచి 5 సంవత్సరాల లోపు నిర్మాణంలో గానీ, పని నాణ్యతలో గానీ లోపం చూపితే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతోనే బాగు చేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. అయితే స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటని ప్రాజెక్టులకూ, 8 ఫ్లాట్లు మించని వాటికీ రెరా నమోదు తప్పనిసరి కాదు. గల్లీలలో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లలో చాలా భాగం ఇలా తప్పుకుంటుంది. అక్కడ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, కానీ దానికి గడువు రెండేళ్లే. బిల్డరు ఇదిగో పంపిస్తాను, అదిగో పంపిస్తాను అంటూ ఫోనులోనే కాలం గడిపేస్తుంటారు కాబట్టి, గోడ మీద మొదటి చెమ్మ కనబడిన రోజే తేదీతో ఫోటో తీసి, స్పీడ్ పోస్టులో లేఖ పంపి, రసీదును సేల్ డీడుతో పాటు భద్రపరచండి.