డయాలసిస్ రోగి మాట తడబడినప్పుడు

సభకు నమస్కారం. ఏళ్ల తరబడి హీమోడయాలసిస్ (యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయడం) మీద ఉన్నవారిలో పక్షవాతం, అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం మనం తరచుగా చూసేవే కనుక వాటి జోలికి పోను. అల్యూమినియం వల్ల మెదడు దెబ్బతినడం గురించి మాత్రమే మాట్లాడతాను. అది ఇప్పుడు అరుదు. అందుకే ఎవరికీ వెంటనే తట్టదు.

1970లలో అమెరికాలోని డెన్వర్‌లో డాక్టర్ ఆల్‌ఫ్రీ బృందం ఈ జబ్బును వర్ణించింది. డయాలసిస్ ముగిసే వేళకు రోగి మాట తడబడుతుంది, నోటిదాకా వచ్చిన పేరు బయటకు రాదు, కొన్ని గంటల్లో అంతా సర్దుకుంటుంది. రానురాను ఆ తడబాటు నిలిచిపోయి, చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడుతూ, మూర్ఛలు, మతిభ్రంశం తోడై, చాలామంది ఏడాది తిరగకుండానే చనిపోయేవారు. వారి మెదడులో అల్యూమినియం మామూలు మనుషుల కంటే పది రెట్లకు పైగా ఉందని ఆ బృందం 1976లో ప్రకటించింది. రక్తంలో ఫాస్ఫరస్ తగ్గడానికి ఇచ్చే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మందు మీదకు మొదట అనుమానం పోయింది. అందులో నిజం లేకపోలేదు గాని, నా దృష్టిలో అసలు దోషి డయాలసిస్ ద్రవం తయారీకి వాడే నీరే.

పటికలో ఉండేదీ అల్యూమినియమే కదా, ఆ పటికతో తేర్చిన గోదావరి నీళ్లు తాగిన మన పెద్దలకు ఏమీ కాలేదే అని మీరు అడగవచ్చు. తాగిన అల్యూమినియంలో నూటికి ఒక వంతు కూడా రక్తంలో చేరదు. చేరిన కాస్తనూ మూత్రపిండాలు బయటకు పంపేస్తాయి. డయాలసిస్‌లో అయితే, ఒక్క విడతలోనే సుమారు 120 లీటర్ల ద్రవం పలుచని పొరకు అవతల రక్తాన్ని ఆనుకుని ప్రవహిస్తుంది, ఆ పొర దాటి వచ్చిన అల్యూమినియం రక్తంలోని ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఇక వెనక్కి మళ్లదు.

1996లో కరీబియన్ సముద్రంలోని క్యురసావ్ దీవిలో ఒక డయాలసిస్ కేంద్రానికి కొత్తగా వేసిన నీటి గొట్టం లోపలి సిమెంటు పూత నుంచి అల్యూమినియం కరిగి, 27 మంది రోగులలో 10 మంది మరణించారు. కాబట్టి శుద్ధిచేసిన నీటిలో అల్యూమినియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించలేదని ఏడాదికి ఒకసారైనా చూసుకోవడంతో పాటు, పైపులు మార్చినా, ఊరికి వచ్చే నీటి వనరు మారినా మళ్లీ పరీక్ష చేయించాలి.

ఒంట్లో చేరిన అల్యూమినియంను వదిలించే డెస్ఫెరాక్సమిన్ అనే మందు ఉంది. అయితే మోతాదు ఎక్కువైతే ఎముకల్లో పేరుకున్న అల్యూమినియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి మెదడు పరిస్థితి ఇంకా విషమించవచ్చు. సూది తీసేటప్పుడు రోగితో మాట్లాడేది టెక్నీషియన్, నర్సు. మాటలో తేడా మొదట తెలిసేది వారికే కనుక, బరువు, బీపీ రాసే షీటులోనే దాన్ని కూడా రాయమని వారిని కోరుతున్నాను.