ప్రేముంటే మర్చిపోరా?

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ వరసగా ఒక చీటీ మీద రాసుకుని వచ్చాను. ఆ చీటీ కెమెరా బ్యాగులో ఉంది, బ్యాగు కారులో ఉంది. కాబట్టి అందరికీ కలిపి ఒకటే నమస్కారం, పేరుపేరునా పెట్టినట్టే అనుకోండి.

నిర్వాహకులు ఫోన్ చేసి, "అటెన్షన్ డెఫిసిట్, అదే ధ్యాస నిలవని ఇబ్బంది, ఉన్న ఫోటోగ్రాఫర్‌గా మీ రోజు ఎలా గడుస్తుంది, మీ హాబీలేంటి, ఓ అరగంట చెప్పండి మేడమ్, పిల్లల తల్లిదండ్రులు కూడా వస్తున్నారు, అదొక వరమని చెప్తే వాళ్ళకి ధైర్యంగా ఉంటుంది" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే ఆ ఒక్క ముక్కా నా నోట రాదనిపించింది. వరమే అయితే ఎవరికైనా ఇచ్చేద్దామని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, తీసుకునేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

మూడు విషయాలు చెప్దామని వచ్చాను. పనిరోజు ఎలా ఉంటుంది, హాబీలు ఎలా ఉంటాయి, ఏ పద్ధతులు పనికొస్తాయి. మూడూ పూర్తవుతాయో లేదో హామీ ఇవ్వను.

పనిరోజు సంగతి. ముందురోజు రాత్రి కచేరీ కోసం, తక్కువ వెలుగులో తియ్యడానికి, కెమెరాలో ఐఎస్ఓ అనే అంకెని 6400కి పెంచుతాను, మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అది అలాగే ఉంటుంది. బ్యాటరీ ఛార్జింగ్‌కి పెడతాను, ఛార్జరుతో సహా ఇంట్లో మర్చిపోతాను. ట్రైపాడ్ తెస్తాను, కెమెరాని దానికి బిగించే చిన్న ప్లేటు ఇంకో కెమెరా అడుగున ఉండిపోతుంది. మీలో ఫోటోలు తీసేవాళ్ళు నవ్వుతున్నారు, మాకూ జరుగుతుందని. నిజమే, అందరికీ జరుగుతుంది. "అందరికీ ఉండేదే కదా" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. డాక్టరు "ఒకసారి తాళాలు మర్చిపోయారు కాబట్టి మీకిది ఉంది" అని చెప్పరు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే మానసిక వైద్యులు నిర్ధారణకి వాడే అమెరికన్ పుస్తకం, దాని ప్రకారం పెద్దవాళ్ళలోనైతే అజాగ్రత్త లక్షణాల్లోగానీ, అతిచురుకు, తొందరపాటు లక్షణాల్లోగానీ కనీసం అయిదు ఉండాలి, ఆరు నెలలు తగ్గకుండా ఉండాలి. ఇంట్లోనూ పనిలోనూ, అంటే ఒకటికంటే ఎక్కువ చోట్ల కనిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, వాటిలో కొన్నయినా పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి. నా బళ్ళో ప్రోగ్రెస్ కార్డులు మా అమ్మ దాచింది, డాక్టరు దగ్గరికి అవే తీసుకెళ్ళాను. ప్రతి ఏడాదీ ఒకటే మాట, చేతిరాతలే వేరు: "తెలివైనది, శ్రద్ధ లేదు."

పేరు కూడా కుదురుగా లేదు దీనికి. 1980లో అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్ అన్నారు, 1987లో మధ్యలో హైపర్‌యాక్టివిటీ, అంటే అతిచురుకు, చేర్చి ఏడీహెచ్‌డీ చేశారు. నాకు హైపర్‌యాక్టివిటీ పెద్దగా లేదు, ఉన్నదంతా లోపలే. బల్లలెక్కి గెంతే పిల్లాడిని బడంతా చూస్తుంది, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న అమ్మాయి ఎవరికీ అడ్డం కాదు, అందుకే ఎవరి కంటా పడదు. నాకు నలభై దాటాక తెలిసింది. ఇక్కడ తల్లిదండ్రులున్నారు కాబట్టి ఈ ఒక్కటీ మళ్ళీ చెప్తాను. అల్లరి చెయ్యని పిల్లని కూడా చూడండి.

ఇంకో మాట. శ్రద్ధ లేదు అనేదే తప్పు. శ్రద్ధ ఉంది, నేను పెట్టినచోట ఉండదు, అంతే. దానికి నచ్చినచోట పెట్టిందంటే మూడు గంటలు కదలదు. దీన్ని హైపర్‌ఫోకస్ అంటారు. నిర్ధారణకి వాడే లక్షణాల జాబితాలో ఆ మాట లేదు గానీ, ఈ రకం తలకాయ ఉన్న ఎవరినైనా అడగండి, చెప్తారు. నా ఫోటోల్లో మీరు మెచ్చుకున్న సాలెగూడు ఫోటో అలా వచ్చిందే. ఆ ఫోటో గురించి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ చెప్తాను, నేనసలు ఈ మైకు ముందుకి వచ్చింది దానికోసమే అనుకుంటా.

నా చిన్నప్పటి స్నేహితురాలి పెళ్ళి. డబ్బులకి కాదు, నేనే తీస్తానని పట్టుబట్టాను. నా కెమెరాలో ఫోటోలు దాచే మెమరీ కార్డులు రెండు పడతాయి, ఒకదానిలో పడింది రెండోదానిలోనూ పడుతుంది. అది అందుకే పెట్టారు. ఆ రోజు రెండో కార్డు ఇంట్లో కార్డ్ రీడర్‌లో ఉండిపోయింది. ఒక్క కార్డుతోనే పెళ్ళంతా తీశాను. రాత్రి ఇంటికొచ్చి, కాపీ చేద్దాం, ముందు ఒక్క నిమిషం నడుం వాలుద్దాం అనుకున్నాను. తెల్లారింది. కిటికీ చువ్వలకి మంచుచుక్కలతో సాలెగూడు, వెనకనుంచి వెలుగు. ఆ వెలుగు పది నిమిషాలు కూడా ఉండదు. కెమెరా తీశాను, కార్డు నిండిపోయిందని చూపించింది. వేలు తనంతట తానే కార్డు ఖాళీ చేసే ఫార్మాట్ కొట్టేసింది. ఏళ్ళ అలవాటు అది, నన్ను అడగదు. సాలెగూడు తీశాను. 140 ఫోటోలు. నూట నలభయ్యోది తీశాక కాళ్ళు వణికాయి.

చాలా కెమెరాల్లో ఫార్మాట్ కొడితే వెంటనే ఫోటోలు చెరిగిపోవు. ఏ ఫోటో ఎక్కడుందో చెప్పే పట్టిక ఒక్కటే పోతుంది, విషయసూచిక చింపేసిన పుస్తకంలాగా. కొత్త ఫోటో వచ్చి ఆ పేజీ మీద రాసుకునేదాకా పాతది అక్కడే ఉంటుంది. కాబట్టి మీకెప్పుడైనా ఇలా జరిగితే ఆ క్షణమే కార్డు బయటికి తీసెయ్యండి, ఇంక ఒక్కటి కూడా తియ్యకండి, తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతకండి. నేను 140 పేజీల మీద సాలెగూడు రాసేశాను. పోయినవి పొద్దుటి ఫోటోలు, ముస్తాబు గదిలోవి.

ఒకటి సగం దొరికింది. అద్దం ముందు స్నేహితురాలు, వెనక వాళ్ళ అమ్మమ్మ నవ్వుతోంది. ఆవిడ నవ్వు గడ్డం దాకా ఉంది. అక్కణ్ణుంచి కిందంతా బూడిదరంగు పలక, గీత గీసినట్టు.

మొత్తం చెప్పేశాను. నా స్నేహితురాలు అరవలేదు. "నీకు నిజంగా నా మీద ప్రేముంటే మర్చిపోయేదానివి కాదే" అంది.

ఇదీ నా గొడవ. ఇన్నేళ్ళయినా ఆ వాక్యానికి జవాబు చెప్పలేకపోయాను, ఇవాళ మీ అందరిముందూ చెప్తున్నాను. ప్రేమ ఒకచోట ఉంటుంది, "కార్డు కాపీ చెయ్యాలి" అన్నది ఇంకోచోట ఉంటుంది. చేతిలో పనికి సంబంధించిన ముక్కని కాసేపు పట్టుకుని ఉండే చోటు మెదడులో ఒకటుంది, వర్కింగ్ మెమరీ అంటారు, అది నాకు చిల్లు జేబు. దాంట్లో వేసింది విలువైనదా కాదా అని చిల్లు చూడదు. అమ్మ పుట్టినరోజూ జారుతుంది, కరెంటు బిల్లూ జారుతుంది. మీ పక్కన కూర్చున్నవాళ్ళని ఎవరినైనా మీరు ఇలా అని ఉంటే,

క్షమించండి, అది నా ఫోనే. అలారం. నేనే పెట్టాను, ఎందుకు పెట్టానో... సరే, ఆపేశాను. ప్రసంగం ముగించమని కాదనే అనుకుందాం.

ఎక్కడున్నాం? హాబీలు. నా హాబీల్లో సగం గదిలో పెట్టెల్లో ఉన్నాయి. పుస్తకాలు కుట్టడం, మౌతార్గాన్, ఇంకేవో. కొన్న రోజున ఉత్సాహం, నెలకి దుమ్ము. సిగ్గుపడటం మానేశాను. ఇంట్లో ఫిల్ము డెవలప్ చెయ్యడం కూడా నేర్చుకున్నాను, నాకు అచ్చిరాలేదు. టాంకు మూత వేశాక లోపల ఏం జరుగుతోందో కనిపించదు, నిమిషానికోసారి ఊపాలి, రెండో నిమిషానికే నేను ఎక్కడికో వెళ్ళిపోతాను. సయనోటైప్ అలా కాదు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. రెండు ఇనుప లవణాలు కలిపి కాయితానికి పూసి ఆరబెట్టి, ఆకో పువ్వో పెట్టి ఎండలో ఉంచాలి, తర్వాత నీళ్ళలో కడగాలి. పసుపుపచ్చగా ఉన్న కాయితం కళ్ళముందే రంగు మారుతుంది, కడుగుతుంటే నీలం తేలుతుంది. ఇప్పుడేం చెయ్యాలో ఆ కాయితమే చెప్తుంది, నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాకు పనికొచ్చిన పద్ధతులన్నీ ఆ కోవలోవే. వాడిన కార్డు సంచిలో తిరగేసి పెడతాను, రెండు చోట్ల కాపీ అయితే గానీ సవ్యంగా తిప్పను. తలుపు గొళ్ళానికే బ్యాటరీ సంచి తగిలిస్తాను, అది తియ్యకుండా బయటికి పోలేను. మందు కూడా వాడుతున్నాను, మా డాక్టరు చెప్పినట్టు. మందు గది సర్దదు. సర్దడం మొదలుపెట్టాక మధ్యలో వదిలెయ్యకుండా చూస్తుంది, నా వరకు అంతే.

తీసి చూడని ఫోటోల గురించి అడుగుతారని తెలుసు. గ్యారీ వినోగ్రాండ్ అని గొప్ప వీధి ఫోటోగ్రాఫర్, 1984లో పోయారు. అప్పటికి డెవలప్ చెయ్యకుండా ఉన్న రీళ్ళే దాదాపు 2,500. ఆయనకి ఇదుందని నేననట్లేదు, పోయినవాళ్ళకి రోగాలు అంటగట్టడం నాకు నచ్చదు. నా హార్డ్ డిస్కు చూసి మా ఆయన నిట్టూర్చినప్పుడల్లా ఆ అంకె ఆయనకి చెప్తుంటాను, అంతే.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్కటి, ఆఖరిది. సోలార్‌గ్రఫీ. మూతున్న డబ్బాకి సూదితో చిన్న బెజ్జం పెట్టి, లోపల నలుపు తెలుపు ఫోటో కాయితం అమర్చి, వెలుగు చొరబడకుండా టేపు చుట్టి, సూర్యుడికి ఎదురుగా ఏదైనా స్తంభానికి కట్టేసి వెళ్ళిపోవాలి. నెలల తర్వాత తీస్తే సూర్యుడు రోజూ నడిచిన దారులు గీతలు గీతలుగా వస్తాయి. డెవలపర్‌లో ముంచకూడదు, స్కాన్ చేసి రంగులు తిరగెయ్యడమే. ఇంగ్లండ్‌లో హర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు రెజీనా వాల్కెన్‌బోర్గ్ అనే ఆవిడ 2012లో వాళ్ళ అబ్జర్వేటరీలో ఒక టెలిస్కోపుకి ఇలాంటి డబ్బా కట్టి, మర్చిపోయింది. 2020 సెప్టెంబరులో అక్కడి ఉద్యోగి ఒకాయన విప్పితే 8 ఏళ్ళ 1 నెల ఎక్స్‌పోజర్, 2,953 సూర్యుడి దారులు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్చిపోతేనే కుదిరే కళ ఒకటుందా అని.

పోయినేడాది ఆరు డబ్బాలు కట్టాను. నాలుగు తెచ్చుకున్నాను. మిగతా రెండూ ఎక్కడ కట్టానో రాసుకున్న కాయితం కూడా ఉంది, ఎక్కడో. మీరు రోజూ తిరిగే దారుల్లో ఏ స్తంభానికో గోడకో నల్ల టేపు చుట్టిన డబ్బా కనిపిస్తే దయచేసి విప్పకండి. బయట మాసిపోని సిరాతో నా ఫోన్ నంబరు రాసుంటుంది. ఎక్కడుందో చెప్పండి చాలు. ఎత్తకపోతే మళ్ళీ చెయ్యండి.